అలిపిరి దాకానే బీడీ

మా నాయన చిత్తూరు నుంచి చెన్నైకి లారీ తోలేవాడు. ఒక కాలంలో బెల్లం, ఇంకో కాలంలో మామిడికాయలు. రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చేవాడు. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, బీడీ పట్టుకున్న కుడి చెయ్యి కిటికీ బయట. ఆయన్ను తలచుకుంటే నాకు మొదట కనపడేది ఇదే. అట్లాంటి మనిషి ఏడాదికోసారి తలనీలాలు ఇవ్వడానికి తిరుమలకు నడిచి వెళ్ళేవాడు. అలిపిరిలో మెట్లు మొదలయ్యే ముందు ఒక బీడీ కాల్చి, మిగిలిన కట్టా అగ్గిపెట్టే తెలిసిన అంగట్లో ఇచ్చేసేవాడు. 3,550 మెట్లు ఎక్కి, కొండ మీద రెండు రాత్రులు పడుకుని, దర్శనం చేసుకుని దిగేదాకా బీడీ మాట ఎత్తేవాడు కాదు. విసుగు లేదు, తలనొప్పి లేదు. "గుర్తే రాలేదు రా అబ్బోడా" అనేవాడు. దిగి వచ్చేటప్పుడు మాత్రం, ఇంకో వంద మెట్లు ఉన్నాయనగానే ఆయన చెయ్యి జేబు తడుముకునేది. జేబులో ఏమీ లేదని ఆయనకు తెలుసు. చేతికి తెలియదు.

అది స్వామి మహిమ అని అమ్మ గట్టిగా నమ్మేది. నేను కాదనను. అయితే బడిలో జీవశాస్త్రం చెప్పేవాడిగా నన్ను ఒక లెక్క చాలా ఏళ్ళు వదల్లేదు. రక్తంలోకి చేరిన నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి తగ్గుతూ పోతుంది. పొగ మానేసినవాళ్ళకు చిరాకు, ఆరాటం బాగా ముదిరేది రెండో రోజు, మూడో రోజు. ఆ లెక్కన మా నాయన కొండ మీదే అల్లాడిపోవాలి. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. ఒంట్లో నికోటిన్ ఎంత తగ్గిందన్నది ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇట్లాంటి సంగతినే ఇజ్రాయెల్‌లో రూవెన్ దార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విమాన సిబ్బంది మీద పరిశీలించాడు. 2010లో అచ్చయిన అధ్యయనం అది. పొగతాగే అలవాటున్న సిబ్బంది చిన్న ప్రయాణాలు చేసేటప్పుడు, పెద్ద ప్రయాణాలు చేసేటప్పుడు ఎప్పుడెప్పుడు వాళ్ళకు సిగరెట్ మీదికి మనసు పోతోందో రాసుకోమన్నారు. కాల్చి ఎంతసేపైందన్న దానికంటే, దిగడానికి ఇంకా ఎంతసేపుంది అన్నదే ఆ కోరికను నడిపించింది. నాలుగైదు గంటల ప్రయాణం చివర్లో కలిగిన యావ, పది పన్నెండు గంటల ప్రయాణం చివర్లో కలిగిన యావతో సమానంగా ఉంది. మా నాయన చివరి వంద మెట్ల మీద చేసింది ఇదే.

తిరుమల మీద పొగాకు, మద్యం, మాంసం నిషేధం. అలిపిరి టోల్‌గేట్ దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు. కొండ మీద సిగరెట్ దొరకదు, పక్కవాడు కాల్చడు, వాసన రాదు, కాళ్ళ కింద పీక కనపడదు, ఎవరైనా తెగించి వెలిగిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోరు. ఇవన్నీ ఒక్కచోట కలిసేసరికి మనసు 'ఇక్కడ కుదరదు' అని తేల్చేసుకుని అడగడమే మానేస్తుంది. ప్యాకెట్లకు ప్యాకెట్లు కాల్చేవాళ్ళు క్యూ కాంప్లెక్సులో గంటలు గంటలు కూర్చుని, లడ్డూలు పట్టుకుని నిమ్మళంగా కిందికి రావడం తిరుపతిలో ఎవరికీ వింత కాదు. వాళ్ళను చూసే మనం మాత్రం 'ఎవడికైనా మనసుంటే మానేయొచ్చు' అనేస్తాం. కొండ మీద వాళ్ళ మనోబలం పెరగలేదు, కిందికి వచ్చాక తరగలేదు. మనిషి అదే, చుట్టూ ఉన్నది మారింది.

పీల్చే మత్తుకు ఈ చోటు లంకె మరీ గట్టిగా పడుతుంది. కారణం ఊపిరితిత్తుల్లో ఉంది. మింగిన మందు కడుపులో కరిగి, కాలేయం దాటుకుని మెదడు చేరడానికి చాలాసేపు పడుతుంది. పీల్చినది ఊపిరితిత్తుల నుంచి గుండెకు, అక్కణ్ణించి నేరుగా మెదడుకు కొన్ని సెకన్లలో చేరిపోతుంది. హాయి ఎంత తొందరగా తగిలితే, ఆ క్షణాన కంటికి కనపడేదీ ముక్కుకు తగిలేదీ దానితో అంత గట్టిగా ముడిపడతాయి. మెదడులో డోపమైన్ చేసే పనిలో ఇది ముఖ్యమైనది. అది వట్టి సుఖపు రసాయనం కాదు, 'ఇప్పుడు ఏం జరిగిందో గుర్తు పెట్టుకో, మళ్ళీ అవసరం పడుతుంది' అని చెప్పే రసాయనం కూడా. రెండు కట్టలంటే నలభై యాభై బీడీలు. బీడీకి పది దమ్ములు వేసుకున్నా రోజుకు నాలుగైదు వందల సార్లు ఆ పాఠం నడుస్తుంది. ముప్పై ఏళ్ళు అట్లా చదివిన పాఠంలో డీజిల్ వాసన, హారన్, దారిపక్క టీ బంకు, లోడు దించాక కాళ్ళు చాపుకునే చెట్టునీడ, అన్నీ అచ్చుపడిపోయాయి.

నాయనకు ఒకసారి కాలు విరిగింది. మదనపల్లెలో మా అక్క ఇంట్లో ఆరు నెలలు ఉన్నాడు. వాళ్ళింట్లో ఎవరూ కాల్చరు, మనవరాలు పక్కనే పడుకునేది. మొదటి వారం చిరచిరలాడినాడు, తర్వాత బీడీ సంగతే లేదు. మేమంతా 'పోయింది పీడ' అనుకున్నాం. కాలు బాగయ్యాక, రావాల్సిన డబ్బులేవో ఉన్నాయని చిత్తూరులో లారీ ఆఫీసుకు పోయినాడు, నేను తోడుపోయినాను. షట్టర్ కింద నుంచి లోపలికి వంగినాడో లేదో, ఆ డీజిల్, తడిసిన గోనెపట్టాల వాసన తగలగానే అక్కడే నిలబడిపోయి, "ఎవురి కాడన్నా అగ్గిపెట్టె ఉందా రా?" అన్నాడు. ఆరు నెలలు గుర్తు రానిది అరనిమిషంలో వచ్చింది. అంతవరకూ ఆయన్ను నేను లోలోపల తప్పుపడుతూనే ఉన్నాను. ఆ రోజు నుంచి తప్పుపట్టడం నా వల్ల కాలేదు.

చోటు మారితే మత్తు వదిలిపోయిన ఉదంతం ఒకటి చాలా పెద్ద ఎత్తున జరిగింది. వియత్నాం యుద్ధానికి పోయిన అమెరికా సైనికులకు అక్కడ హెరాయిన్ చవకగా, శుద్ధంగా దొరికేది. సూదితో కాకుండా, ఎక్కువమంది సిగరెట్‌లో కలిపి పొగలా పీల్చేవాళ్ళు. 1971లో తిరిగొచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంటపడి పలకరించింది. అక్కడ ఉన్నప్పుడు దాదాపు 20 శాతం మంది దానికి బానిసలైనట్టు తేలింది. అంతమంది హెరాయిన్ అలవాటుతో ఊళ్ళలోకి వస్తే ఏమైపోతామోనని ఆ దేశం వణికిపోయింది. తీరా చూస్తే, అట్లా బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ దానికి బానిసలైనవాళ్ళు 5 శాతం, మూడేళ్ళకు చూసినా 12 శాతమే. చాలామంది ఏ చికిత్సా తీసుకోలేదు. ఆ మత్తును పిలిచే అడవి, భయం, విసుగు, తోటివాళ్ళు, చవక బేరం, ఏవీ ఇంటి దగ్గర లేవు. మన దగ్గర మాన్పించే కేంద్రాలకు వచ్చేవాళ్ళ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. వాళ్ళు మత్తుకు అలవాటు పడింది తమ వీధిలోనే, తిరిగి పోయేదీ ఆ వీధికే.

ఒళ్ళు సైతం చోటును చదువుతుంది. కెనడాలో షెపర్డ్ సీగెల్ బృందం 1982లో ఎలుకలకు హెరాయిన్ అలవాటు చేసి, చివర్లో పెద్ద మోతాదు ఇచ్చి చూసింది. అలవాటైన గదిలోనే ఇచ్చినప్పుడు సుమారు 32 శాతం చనిపోయాయి. అదే మోతాదు వేరే గదిలో ఇస్తే చనిపోయినవి 64 శాతం. తెలిసిన గదిలోకి రాగానే 'మందు వస్తోంది' అని శరీరం ముందే కాచుకుని కూర్చుంటుంది. మందు రాకపోతే ఆ కాచుకోవడమే ఆరాటంగా బయటపడుతుంది. లారీ ఆఫీసు గడపలో మా నాయన ఒంట్లో జరిగింది ఇట్లాంటిదే అని నా నమ్మకం.

ఎలుకల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు ప్రయోగాలు. 1970ల చివర్లో కెనడాలోనే బ్రూస్ అలెగ్జాండర్ ఎలుకలకు ఒక విశాలమైన ఆవాసం కట్టించాడు. లోపల చెక్కపొట్టు, దాక్కోవడానికి డబ్బాలు, ఆడామగా కలిసి తిరిగేందుకు చోటు. పంజరంలో ఒంటరిగా ఉన్న ఎలుకలు మార్ఫిన్ కలిపిన తీపినీళ్ళు ఎగబడి తాగితే, ఈ ఆవాసంలోవి చాలా తక్కువ తాగాయి. ఈ ప్రయోగాన్ని తర్వాత వేరేవాళ్ళు చేసినప్పుడు ప్రతిసారీ అదే ఫలితం రాలేదు. అందుకే 'మంచి చోటు ఉంటే వ్యసనమే ఉండదు' అని దీన్ని చూపించి ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది 2018లో అమెరికాలో మార్కో వెనిరో బృందం చేసిన పని. ఒకవైపు మీట నొక్కితే మత్తుమందు, ఇంకోవైపు మీట నొక్కితే తలుపు తెరుచుకుని తోటి ఎలుక. మత్తుకు అలవాటుపడ్డ ఎలుకలు కూడా తోడునే ఎంచుకున్నాయి. కానీ తలుపు వెంటనే తెరుచుకోకుండా ఆలస్యమయ్యేలా చేస్తే మళ్ళీ మత్తువైపే పోయాయి. ఈ రెండో సగాన్ని చదివినప్పుడు నాకు మన రైల్వే స్టేషన్ దగ్గరి పిల్లలే కళ్ళ ముందు మెదిలారు.

వాళ్ళను తిరుపతిలో చూడనివాళ్ళు ఉండరు. యాత్రికులు పారేసిన నీళ్ళ సీసాలు ఏరుకుంటూ, భుజాన తెల్ల గోతం, చొక్కా చెయ్యి ముక్కు దగ్గర. రెండేళ్ళ కింద ఒక సాయంత్రం స్టేషన్‌కు కాస్త దూరంలో గోడవారన ఒక పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. పదకొండు, పన్నెండేళ్ళు ఉంటాయి. దగ్గరికి పోతే కొత్తగా రంగేసిన బీరువా వాసన. మూతి చుట్టూ చర్మం పొక్కి, ఎర్రగా పగిలి ఉంది. పక్కన కూర్చుని "తిన్నావా నైనా?" అని అడిగాను. "తిన్నా సార్, గుడి కాడ పెట్టినారు" అన్నాడు. ఆకలి తెలియకుండా ఉండటానికే ఇట్లాంటి పిల్లలు థిన్నర్, పంచర్ సొల్యూషన్ లాంటివి పీలుస్తారని నేను ఎక్కడో చదివి, పాఠంలో చెప్పి ఉన్నాను కూడా. ఈ ఊళ్ళో చెయ్యి చాపితే ప్రసాదమో అన్నమో ఎవరో ఒకరు పెడతారు. "మరి ఇదెందుకురా?" అంటే, వాడు నన్ను కాసేపు చూసి, "రాత్రికి" అన్నాడు.

ఆ ఒక్కమాటను విప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. రాత్రి అంటే దోమలు. రాత్రి అంటే పోలీసు లాఠీ చప్పుడు, తాగొచ్చి కాలితో తన్నేవాళ్ళు, ఇంకా చెప్పుకోలేని పనులు చేసేవాళ్ళు. రాత్రి అంటే పడుకునే చోటు కోసం పెద్దపిల్లల దయ మీద ఆధారపడటం. ఆ పెద్దపిల్లలంతా ఒకే గుడ్డముక్కను చేతులు మార్చుకుని పీలుస్తుంటే, వద్దన్నవాడికి ఆ గుంపులో చోటు లేదు, గుంపు లేనివాడికి రక్షణ లేదు. మొదటిసారి ఎవరో పెద్దవాడే ఊరకే ఇస్తాడు. పీల్చగానే చెవుల్లో హోరు, ఒళ్ళు తేలిపోవడం, భయం పోవడం. కొద్దిసేపటికి దిగిపోతుంది, మళ్ళీ పీల్చాలి. తెల్లవారేదాకా అంతే. ఇక్కడ మత్తు సరదా కాదు. ఇల్లు చేయాల్సిన పనిని, అంటే తలుపు గడియ, దుప్పటి, అమ్మ చెయ్యి చేయాల్సిన పనిని, ఒక ట్యూబు చేస్తోంది.

లెక్కలూ అదే చెబుతున్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వచ్చింది. మద్యం, గంజాయి, నల్లమందు, ఏది తీసుకున్నా పెద్దవాళ్ళలోనే వాడకం ఎక్కువ. ఒక్క ఈ పీల్చే రసాయనాలు మాత్రం తిరగబడ్డాయి. పెద్దవాళ్ళలో 0.58 శాతం వాడుతుంటే, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 1.17 శాతం వాడుతున్నారు. దీని వల్ల చిక్కుల్లో పడి సాయం అవసరమైన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది అని అంచనా. కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బ్రాందీ షాపులో పిల్లవాడికి అడ్డు చెప్పేవాళ్ళు ఉంటారు, గంజాయికి తెలిసినవాడు కావాలి, రెంటికీ డబ్బులు ఎక్కువే. పంచర్ సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్, పెట్రోలు మాత్రం పట్టపగలు తెరిచి ఉన్న అంగళ్ళలో, బండ్లలో, పనిచోట్లలో ఉంటాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఇవి లేవు, ఎందుకంటే వీటితో లోకం నడుస్తుంది. సైకిల్ ట్యూబు అతకాలి, తలుపుకు రంగు వేయాలి. ఈ మత్తు పదార్థం పిల్లవాడి చుట్టూ ఉన్న సామానులోనే కలిసిపోయి ఉంది.

ఒంటికి అది చేసేది చాలా ఘోరం. థిన్నర్లలో, కొన్ని జిగురుల్లో ఉండే టోలుయిన్ అనే రసాయనం కొవ్వులో ఇట్టే కరుగుతుంది. మెదడులో నరాల మీద కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు ఒక కొవ్వు పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఆ తొడుగు పాడవుతుంది. జ్ఞాపకం, నడక, చూపు, వినికిడి దెబ్బతింటాయి. మూత్రపిండాలు పొటాషియాన్ని బయటికి తోసేయడంతో కొందరికి కాళ్ళూ చేతులూ పడిపోయినట్టు అవుతాయి. జిగురులో హెక్సేన్ అనే ఇంకో రసాయనం ఉంటే అరికాళ్ళ తిమ్మిరితో మొదలై నరాలు చచ్చుబడతాయి. వీటన్నిటికంటే అందరూ తెలుసుకోవాల్సింది ఇంకొకటి. ఈ ఆవిరి గుండెను ఎట్లా చేస్తుందంటే, ఆ సమయంలో హఠాత్తుగా భయపడినా, పరుగెత్తినా, ఒంట్లో ఉబికే అడ్రినలిన్‌కు గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాడికైనా ఇది జరగవచ్చు. కాబట్టి అట్లా కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తే అరవకండి, కొట్టకండి, తరమకండి. మెల్లగా మాట్లాడి, గాలి ఆడే చోటుకు తీసుకుపోయి, పక్కనే ఉండండి. తరిమేవాళ్ళు మంచి ఉద్దేశంతోనే తరుముతారు. ఆ తరమడమే ప్రాణం తీయవచ్చు.

చోటు అన్నప్పుడు గాలి, ఎండ కూడా లెక్కే. రేణిగుంట వైపు ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ వేడికి ఈ రసాయనాలు తొందరగా ఆవిరవుతాయి. లాడ్జీ గదులకు పెయింటింగ్ చేసేవాళ్ళు కిటికీలు మూసి పనిచేస్తే, వద్దన్నా రోజంతా పీలుస్తూనే ఉంటారు. సాయంత్రానికి తలనొప్పి, ఏదో తూలినట్టు ఉండటం వాళ్ళకు పనిలో భాగమైపోయింది. వాళ్ళ దగ్గర చేతికింద పనికి చేరిన కుర్రవాడికి మొదటి పరిచయం అక్కడే జరుగుతుంది.

'సరే, వాళ్ళు వీధి పిల్లలు, మా పిల్లలకేం?' అనుకునే తల్లిదండ్రుల కోసం ఇంకో సంగతి రాయాలి. రాయడానికి నాకు బాధగానే ఉంది. చాలా ఏళ్ళ కింద, నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడి సంచిలో వైట్‌నర్ సీసాలు దొరికాయి. తండ్రి తాగుడు, తల్లి సత్రాల్లో పనికి పోయి రాత్రి తొమ్మిదికి వచ్చేది. బడి వదిలిన నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా వాడికి ఉన్నది ఒక గది, తాగి పడుకున్న తండ్రి, గోడ పక్కన ముగ్గురు స్నేహితులు. మిగతా పిల్లలు చెడిపోతారని టీసీ ఇచ్చి పంపేశాం. నేనూ సంతకం పెట్టినవాళ్ళలో ఒకణ్ణి. ఆ పిల్లవాడు ఆ సీసా ముట్టకుండా ఉండే ఏడు గంటలు బడిలోనే గడిచేవని, ఆ ఏడు గంటలనూ మేమే తీసేశామని తర్వాత అర్థమైంది. వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఒకే గోడ పక్కన పెరిగిన నలుగురిలో ఒకడే ఎందుకు పట్టుబడతాడు? చోటు ఒక్కటే అన్నీ నిర్ణయించదు. వ్యసనానికి లోనయ్యే స్వభావంలో దాదాపు సగం వంశపారంపర్యంగా వస్తుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు అంచనా వేశాయి. చిన్నప్పుడు తిన్న దెబ్బలు, చూసిన గొడవలు, మనసులో ఉన్న దిగులు ఇంకొంత. అయితే వీటిలో పుట్టుకను మనం మార్చలేం, జరిగిపోయిన బాల్యాన్నీ మార్చలేం. మార్చగలిగింది చోటునే. నేను ఇంతగా దాని గురించి పట్టుబట్టడానికి అదొక్కటే కారణం.

మార్చినచోట్ల ఏమైందో కూడా తెలుసు. ఆస్ట్రేలియాలో మారుమూల ఆదివాసీ పల్లెల్లో పిల్లలు పెట్రోలు పీల్చి చచ్చిపోయేవాళ్ళు. కొట్టి చూశారు, కేసులు పెట్టి చూశారు. 2005 నుంచి అక్కడి బంకుల్లో మామూలు పెట్రోలుకు బదులు, మత్తెక్కించే రసాయనాలు బాగా తగ్గించిన పెట్రోలు పోయడం మొదలుపెట్టారు. బండ్లు ఎప్పటిలా నడిచాయి, పీల్చడం భారీగా పడిపోయింది. మన దేశంలో 2012లో సీసాల్లో వైట్‌నర్, థిన్నర్ చిల్లరగా అమ్మకుండా, పెన్ను లాంటి వాటిల్లోనే అమ్మాలని కేంద్రం నిబంధన తెచ్చింది. అది కాగితం మీద మంచి నిబంధన. నిలబడాల్సింది మాత్రం బడి ముందరి బుక్ స్టాల్‌లో. ఐస్‌లాండ్ ఇంకా లోతుకు పోయింది. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తప్పతాగి ఉన్నారు, 23 శాతం రోజూ సిగరెట్ కాల్చేవాళ్ళు. 2016కు అవి 5 శాతం, 3 శాతం అయ్యాయి. వాళ్ళు పిల్లలకు ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. సాయంత్రం ఆటలకు, సంగీతానికి డబ్బులిచ్చారు, రాత్రి పొద్దుపోయాక పిల్లలు బయట ఒంటరిగా తిరగకూడదన్నారు, తల్లిదండ్రులను ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేశారు. చేసిందంతా సాయంత్రం వేళను నింపడమే.

నాలుగున్నర నుంచి తొమ్మిది. మన పిల్లల విషయంలో నేను అందరినీ అడిగేది ఆ నాలుగున్నర గంటల గురించే. ఆ వేళలో మీ వాడు ఏ చోట, ఎవరితో ఉన్నాడు? తరగతిలో 'మత్తు మహమ్మారి' అని వ్యాసరచన పోటీ పెట్టే ఖర్చుతో బడి మైదానంలో ఒక లైటు వేయించి, ఏడింటిదాకా వాలీబాల్ ఆడించవచ్చు. వెనిరో ఎలుకల తలుపు గుర్తు చేసుకోండి. తోడు దొరకాలి, వెంటనే దొరకాలి. ఆదివారం వచ్చి పులిహోర పొట్లాలు పంచి, ఫోటో దిగి పోయేవాళ్ళు సోమవారం రాత్రికి పనికి రారు. స్టేషన్ పిల్లవాడికి కావాల్సింది రాత్రి పడుకోవడానికి భయం లేని ఒక గది, ఉదయం లేచేసరికి నిన్నటి మనిషే మళ్ళీ కనపడటం.

చికిత్స చేయించేవాళ్ళు కూడా ఈ లెక్క మరిచిపోకూడదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14446కు ఫోన్ చేస్తే మత్తు మానడం గురించి, 14416కు చేస్తే మనసుకు సంబంధించిన ఏ ఇబ్బంది గురించైనా మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే 1098. కేంద్రంలో నెల రోజులు ఉండి కళకళలాడుతూ ఇంటికొచ్చినవాడు వారంలో మళ్ళీ మొదలుపెడితే 'వీడు ఇంతే' అనకండి. లారీ ఆఫీసు గడపను గుర్తు చేసుకోండి. వచ్చే ముందే దారి మార్చాలి. పాత స్నేహితులు కూర్చునే అరుగు తగలని దారి. పడుకునే గది మార్చగలిగితే మార్చాలి, పాత చొక్కాలు తీసేయాలి, సాయంత్రం ఆరింటికి చేతికి పని దొరకాలి. వీలైతే కొన్ని నెలలు వేరే ఊళ్ళో, మేనమామ ఇంట్లోనో అత్త ఇంట్లోనో ఉంచాలి. మన పెద్దవాళ్ళు చెడుతిరుగుళ్ళు తిరిగే కుర్రవాణ్ణి 'కొన్నాళ్ళు ఊరు మార్చండి' అనేవాళ్ళు. అందులో ఉన్న తెలివి నాకు ఇప్పుడు తెలుస్తోంది.

మా ఇంటికి పోయే దారిలో ఒక పంచర్ అంగడి ఉంది. ఆయన దగ్గర సొల్యూషన్ ట్యూబులు పాత సబ్బుపెట్టెలో బయట బల్ల మీదే ఉండేవి. ఈ మధ్య బండి గాలి తీసేస్తే పోయినాను. సబ్బుపెట్టె లేదు. లోపల టైర్ల వెనక తాళం వేసిన ఒక ఇనప పెట్టె ఉంది. ఎందుకని అడిగితే, చక్రం విప్పుతూనే చెప్పాడు. "ముందు పిల్లోళ్ళు వచ్చి ట్యూబు ఇయ్యన్నా, మా సైకిల్ పంచర్ అయిందంటే అమ్మేసేవాణ్ణి సార్. పది రూపాయలు వస్తాయి కదా అని. ఒకరోజు నా అంగడి వెనకాలే ఒకడు పడిపోయి ఉండాడు, నోట్లో నురగ. ఆస్పత్రికి నేనే ఎత్తుకుపోయినా. బతికినాడు." చేతులు గుడ్డకు తుడుచుకుని, పెట్టె తాళం తీసి, నా ట్యూబు మీద రవ్వంత సొల్యూషన్ రాసి, మళ్ళీ తాళం వేశాడు. "ఇప్పుడు ఎవుడొచ్చి అడిగినా ఒకటే మాట సార్. సైకిల్ తీసుకు రా నైనా, నేనే అంటిస్తా. డబ్బులు కూడా వద్దు."